తారు అంటిన కుంచె

శనివారం పొద్దున మా ఊరి నుంచి నాకు ఫోను రాదు. శనివారం మాకు విశ్రాంతి దినం. పొయ్యి వెలిగించం, కత్తి పట్టం, ప్రయాణం కట్టం, ఫోనులొచ్చాక ఫోను కూడా ముట్టుకోం. అందుకే ఆ శనివారం దోహాలో, అల్ మన్సూరాలోని నా గదిలో, తలగడ పక్కన ఫోను మోగగానే ఎవరో పోయారనుకున్నాను. యాభై దాటాక మనిషికి మొదట వచ్చే ఆలోచన అదే. తెరిచి చూస్తే మా తమ్ముడు యాకోబు పంపిన ఫోటో. మా పేటలోని ప్రార్థన మందిరం ముందు గోడ. దాని మీద మా నాన్న నీలిమందు కలిపి వేసిన ఆరు కోణాల నక్షత్రం, ఆ నక్షత్రం మీద స్ప్రే డబ్బాతో కొట్టిన నల్లరంగు, కింద వంకర టింకర అక్షరాలతో ‘పిల్లల్ని చంపేవాళ్ళు’ అన్న మాట. అవన్నీ చూశాక నా కళ్ళు ఆగిపోయింది మాత్రం గుమ్మం పైన మేకుకు వేలాడుతున్న ఒక పాత సున్నం కుంచె దగ్గర. దాని పీచు కూడా నల్లగా గట్టిపడి ఉంది. ఆ నలుపు నిన్న మొన్నటిది కాదు.

మాది గుంటూరు వైపు మిరపతోటల మధ్య చిన్న పల్లె. మేం యూదులం. తెలుగు మాట్లాడే యూదులు కూడా ఉంటారా అని ఎవరైనా అడిగితే ఒకప్పుడు కోపమొచ్చేది, ఇప్పుడు విసుగొస్తోంది. ఉంటాం. ముప్పై నలభై గడపల వాళ్ళం, కూలికి వెళ్ళేవాళ్ళం, గోంగూర లేనిదే ముద్ద దిగనివాళ్ళం. మా నాన్న తరంలో పెద్దలంతా కూర్చుని, మన తాతముత్తాతల దారి ఇదేనని తేల్చుకుని, చర్చి మానేసి శనివారం పట్టుకున్నారు. చదువుకున్నవాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి, అది నిజమా కాదా అని మా ముసలివాళ్ళని తిప్పి తిప్పి అడిగి, రాసుకుని పోతుంటారు. వాళ్ళు పోయాక మా వాళ్ళు మళ్ళీ మిరపచేలోకి పోతారు.

ఫోటో వెనకే యాకోబు గొంతు వచ్చింది. “అక్కా, పొద్దున్నే చూశాం. ఎవరైనా ఫోటోలు తీసి ఊరంతా తిప్పుతారేమోనని నేనే గబగబా కడిగేశాను. మరక పోలా. కుర్రాళ్ళంతా ఒకమాట మీదున్నారు. నక్షత్రం గీకేసి, ఉత్త ప్రార్థన మందిరం అని బోర్డు పెడదామంటున్నారు. గుమ్మం మీది ఆ పాత కుంచె కూడా తీసి పారేస్తారంట, అదెందుకుందో ఎవరికీ తెలియదుగా. నక్షత్రం వేసింది నాన్న గనక నీ మాట కూడా కావాలన్నారు పెద్దోళ్ళు. రేపు సాయంత్రంలోగా చెప్పు.” శనివారం పూట వాడు బకెట్టూ గుడ్డా పట్టుకుని గోడ కడిగాడన్నమాట. గోడ మీద రాత కన్నా ఆ సంగతే నన్ను ఎక్కువ కుంగదీసింది.

మా నాన్న దానియేలు ఊళ్ళో ఇళ్ళకి సున్నం వేసేవాడు. మా ఇంటి వాసనంటే సున్నం తడిపిన వాసన. పెద్ద బానలో గుల్ల సున్నం వేసి నీళ్ళు పోస్తే అది బుసబుసా పొంగి పొగలు కక్కేది. చల్లారాక గుడ్డలో వడకట్టి, తుమ్మబంక కలిపి, చివర్న చిటికెడు నీలిమందు వేసేవాడు. నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు, కళ్ళు పోతాయని. ఆయన చేతులు ఏడాది పొడుగునా పగుళ్ళే. నాయనమ్మ రాహేలమ్మ రోజూ ఆ పగుళ్ళకి నువ్వులనూనె రాస్తూ, కొడుకుని ఏదో ఒకటి అంటూనే ఉండేది. ఆయన బజారులో కుంచెలు కొనేవాడు కాదు. కొబ్బరి పీచు నానబెట్టి, దంచి, దువ్వి, తాడుతో బిగించి తనే కట్టుకునేవాడు. తాడు ఒక కొస నేను పట్టుకుని లాగాలి. ఒకసారి కట్టిన కుంచెని ఆరబెట్టమంటే తెలివిగా పొయ్యి పక్కన పెట్టాను. ఎడమవైపు అంచు కాస్త కాలింది. అప్పట్నుంచి ఆ కుంచెతో గీత గీస్తే పక్కన సన్నగా ఇంకో గీత పడేది. నాన్న నన్నేమీ అనలేదు. ఆ కుంచె పారెయ్యనూ లేదు. ఎడమచేత్తో తిప్పి పట్టుకుని పని కానిచ్చేవాడు.

మా శనివారం శుక్రవారం పొద్దుగుంకగానే మొదలవుతుంది. అందుకని శుక్రవారం మధ్యాహ్నం దాటాక ఆయన ఎవరింట్లో పనిచేస్తున్నా కుంచె కడిగేసి, బానా కుంచే అక్కడే ఒక మూల పెట్టేసి వచ్చేసేవాడు. రెండు రోజుల వంటా ఒక్కపూటే అయ్యేది. నాయనమ్మ అన్నం గిన్నెని వరిగడ్డి పరిచిన బుట్టలో పెట్టి, పైన పాత దుప్పటి కప్పేది. శనివారం మధ్యాహ్నం మూత తీస్తే అన్నం గోరువెచ్చగా, కొంచెం గడ్డివాసన వేస్తూ ఉండేది. ఆ వాసనకి నేను మొహం ముడుచుకునేదాన్ని. ఇప్పుడు ఎన్ని హోటళ్ళు తిరిగినా దొరకదు. పొద్దు వాలకముందే రెండు ప్రమిదలు వెలిగించి, నాయనమ్మ రెండు అరచేతులతో కళ్ళు మూసుకుని, తనకొచ్చిన నాలుగు హీబ్రూ మాటలు చెప్పి, మిగతాదంతా తెలుగులో దేవుడితో మాట్లాడేది. అందులో సగం మా నాన్న మీద ఫిర్యాదులు.

నాకు పన్నెండేళ్ళు వచ్చిన ఏడు మిరపకోత మీద గొడవ వచ్చింది. కాయ పండి ఉంది, మబ్బు పట్టింది, రైతులకి కాలు నిలవడం లేదు. కోటయ్యగారని ఊళ్ళో పెద్ద రైతు మా పేటకొచ్చి శనివారం కూడా ఆడవాళ్ళంతా కోతకి రావాలన్నాడు. నాయనమ్మ చేటలో బియ్యం చెరుగుతూనే, “ఆదివారం చీకటితోనే వస్తామయ్యా. శనివారం మాత్రం రాం” అంది. “మీకొక్కళ్ళకే ఉన్నాడా దేవుడు” అని ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆయన కూతురి పెళ్ళి దగ్గర్లో ఉంది. ఆ ఇంటికి సున్నం వేస్తున్నది మా నాన్నే. ఆ శుక్రవారం కూడా నాన్న బానా కుంచే కోటయ్యగారి గొడ్లచావడిలో పెట్టి వచ్చాడు.

తెల్లారి మందిరానికి వెళ్ళేసరికి ముందు గోడంతా తారు. ఊరి బయట రోడ్డు వేస్తున్నారు, తారు పీపాలు దారి పక్కనే ఉండేవి. నక్షత్రం మీద అడ్డదిడ్డంగా పూసి, కింద మూరెడు అక్షరాలతో ‘శనివారం పని చెయ్యనోళ్ళకి ఈ ఊళ్ళో పనేంటి’ అని రాశారు. కుర్రాళ్ళు కిరసనాయిలు తెస్తామని పరిగెత్తబోయారు. నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. “ఇయ్యాల తుడిస్తే ఇయ్యాల పని చేసినట్టే. ఆళ్ళు రాసిందే నెగ్గుద్ది” అంది. అని ఊరుకోలేదు. లోపల్నుంచి చాప తెచ్చి, ఆ గోడ కిందే పరిచి, దారివైపు మొహం పెట్టి కూర్చుంది. ఆమె పక్కన ఇంకో ముసలామె, ఆమె పక్కన మా అమ్మ, ఒక్కొక్కరే పేటలోని ఆడవాళ్ళంతా. ఆ రోజు ప్రార్థన బయటే జరిగింది. ఊరు ఊరంతా ఆ దారినే పోయింది. నా బళ్ళో పిల్లలు పోయారు, అయ్యవారు పోయారు, కోటయ్యగారి బండి పోయింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. తల మీద అంత రాత పెట్టుకుని పొద్దుగుంకేదాకా కూర్చోవడం ఏం గొప్పో నాకు అర్థం కాలేదు.

నాన్న మాత్రం కూర్చోలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, ఒక్కో అక్షరం వెంట వేలు తాకకుండా గాలిలో నడిపిస్తూ నిలబడ్డాడు. నేను వెనకాల నిలబడి చూశాను. ప్రతి గీత పక్కనా సన్నగా ఇంకో గీత ఉంది. నేను కాల్చిన కుంచె అది. నాన్న వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. నాకూ తెలిసిందని ఆయనకి తెలిసింది. తల అడ్డంగా ఊపాడు. శనివారం ముగిసి చుక్కలు పొడిచేదాకా ఎవరూ గోడ ముట్టలేదు. తారు మీద సున్నం నిలవదు, ఎన్ని పూతలు వేసినా పసుప్పచ్చగా పైకి ఉబికొస్తుంది. అందుకని ఆ పూత మొత్తం గీకి తీసి, కొత్తగా మెత్తి, ఆరాక నాన్న మళ్ళీ నక్షత్రం వేశాడు. ఇప్పుడు నల్లరంగు కొట్టింది ఆ నక్షత్రం మీదే.

ఆ మర్నాడు, ఆదివారం పొద్దున నాన్న నన్ను వెంటబెట్టుకుని కోటయ్యగారింటికి వెళ్ళాడు. పెళ్ళికి మూడు రోజులుంది, ఇల్లు సగం తెల్లగా సగం మాసి ఉంది. గొడ్లచావడిలో బాన ఉంది, కుంచె లేదు.

“నా కుంచె కనపట్టం లేదండి” అన్నాడు నాన్న.

“ఎక్కడ పడేశావో. కొట్లో కొత్తది తెచ్చుకోరా, నా పేరు చెప్పు” అన్నాడు కోటయ్యగారు.

“నా కుంచే కావాలండి. ఎట్టా ఉన్నా సరే.”

“పీచు కుంచెకి ఇంత పట్టుదలేంట్రా దానియేలూ?”

నాన్న వాకిట్లో, సగం తెల్లటి గోడకి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆ ఊళ్ళో సున్నం వేసేవాళ్ళందరూ మా పేటవాళ్ళే. ఆ రోజు ఇంకెవరూ ఆ గుమ్మం ఎక్కరని కోటయ్యగారికి తెలుసు. లోపల ఆడవాళ్ళు పిండివంటలు చేస్తున్నారు, నెయ్యి వాసన వాకిట్లోకి వస్తోంది. చుట్టాలు ఒక్కొక్కరే దిగుతున్నారు. దిగినవాళ్ళంతా, గోడ ఇలా వదిలేశారేంటని అడుగుతున్నారు. ఎండ మా నెత్తి మీదికి వచ్చింది. నాన్న మంచినీళ్ళు కూడా అడగలేదు. చివరికి కోటయ్యగారే లోపలికి వెళ్ళి, గోనెసంచి ముక్కలో చుట్టినదేదో తెచ్చి, నాన్న ముందు పెట్టి, ఆయన మొహం చూడకుండా వెనక్కి తిరిగాడు. సంచిలోంచి తారు వాసన కొట్టింది. నాన్న దాన్ని విప్పలేదు. నా ఒళ్ళో పెట్టి, మొలలో దోపుకొచ్చిన రెండో కుంచె తీసి, పొద్దు కుంకేలోగా ఆ గోడ పూర్తిచేశాడు. ఒక్క మచ్చ లేకుండా, ఎప్పటిలాగే మూడు పూతలూ వేశాడు.

ఇంటిదారిలో అన్నాడు, “ఎస్తేరూ, ఎవరనేది ఎవరికీ చెప్పమాక.”

“ఎందుకు?”

“మన కుర్రాళ్ళకి తెలిస్తే కొట్టుకుంటారు. కొట్టుకుంటే పోయేది మనోళ్ళే. ఆయనకి తెలుసు, నాకు తెలుసు. చాలు.”

నాకు చాలలేదు. “ఆ గోడెందుకు వేశావు మరి? నువ్వు పిరికోడివి” అన్నాను. అన్న మాట ఇప్పటికీ నోట్లో చేదుగా ఉంటుంది. ఆయన కోప్పడలేదు. ఆ సాయంత్రమే ఆ కుంచెని మందిరం గుమ్మం పైన మేకుకి కట్టాడు. అడిగినవాళ్ళకి దిష్టికని చెప్పాడు. అందరూ నమ్మారు. బతికున్నన్నాళ్ళూ కోటయ్యగారు ఆ దారిన పోయినప్పుడల్లా ఒకసారి గుమ్మంవైపు చూసి తల తిప్పుకునేవాడు. శనివారం కోతకి రమ్మని మళ్ళీ ఎన్నడూ కబురంపలేదు. అది నేను గమనించేసరికి నాన్న లేడు. యాకోబు అప్పటికింకా పుట్టనేలేదు గనక వాడికి ఇవేవీ తెలియవు. నేనూ చెప్పలేదు.

నర్సింగు చదివి ఇక్కడికొచ్చాను. దోహాలోనే నజ్మా అనే పేటలో ఒక చిన్న క్లినిక్కులో పని. ఇక్కడ ఊరందరికీ శుక్రవారం సెలవు, క్లినిక్కు మాత్రం తెరిచే ఉంటుంది. వచ్చిన కొత్తలోనే షాహీన్‌తో మాట్లాడుకున్నాను, నీ శుక్రవారం డ్యూటీ నేను చేస్తా, నా శనివారం నువ్వు చెయ్యి అని. షాహీన్‌ది నిజామాబాదు, నాకన్నా పదేళ్ళు చిన్నది. నమాజుకి వీలుంటుందని ఎంతో సంతోషించింది. శనివారం ఎందుకక్కా అంటే, మాది శనివారం చర్చి అని చెప్పాను. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. పన్నెండేళ్ళుగా అదే మాట. వాళ్ళమ్మ ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడు, “దుబాయ్ల ఆ చర్చి అక్క మంచిగున్నదా” అని నన్నూ అడుగుతుంది. ఖతార్ అని మేం ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి దుబాయే. ఈ మధ్య టీ గదిలోని టీవీలో యూదుల దేశం చేస్తున్న యుద్ధం చూపిస్తుంటారు. చచ్చిపోయిన పిల్లల్ని చూసి షాహీన్ ఏడుస్తుంది. నేనూ ఏడుస్తాను, అది అబద్ధపు ఏడుపు కాదు. ఆ తర్వాత ఎవరో ఒకరు, ఆ జాతే అంత, అంటారు. అప్పుడు నేను టీలో చక్కెర కలుపుకుంటూ ఉంటాను. చాలాసేపు కలుపుతాను.

ఆ శనివారం పొద్దుగుంకాక యాకోబుకి ఫోన్ చేశాను. “నక్షత్రం తియ్యొద్దు. కుంచె అసలే తియ్యొద్దు” అన్నాను.

వాడు, “నువ్వక్కడ శనివారం చర్చి అని చెప్పుకుని బతుకుతున్నావు. నేను తప్పనటం లేదు. కానీ ఇక్కడ పేరు గోడ మీద రాసుకుని ఉండాల్సింది మా పిల్లలు. మాకు నువ్వు ధైర్యం చెబుతావా అక్కా?” అన్నాడు.

వాడన్నదాంట్లో తప్పేముంది? నాన్నకి కనీసం అడగడానికి ఒక ఇల్లుంది. కుంచె గీతలో చెయ్యి కనబడింది. డబ్బాతో కొట్టిన రంగులో ఎవరి చెయ్యీ కనబడదు. ఆ మాట రాసిన కుర్రాడు ఏ ఫోనులో ఏం చూసి వచ్చాడో. ఆ చూసినదాన్ని తలుచుకుని నేనూ ఏడ్చానని వాడికి ఎవరు చెబుతారు? ఏ వాకిట్లో కూర్చోవాలి? అప్పట్లో నాయనమ్మ చాప వేసుకుంటే ఊరంతా ఆమె మొహం చూస్తూ దాటాల్సొచ్చింది. ఇప్పుడు చాప వేసుకున్నా ఫోటో తీసి వెళ్ళిపోతారు. నాకు నిజంగా ఓపిక అయిపోయింది. నక్షత్రం తీసేసుకోండ్రా, హాయిగా ఉండండి, అని చెప్పడానికి ఫోను రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. ఆ గోనెసంచి బరువు ఒళ్ళో ఉన్నట్టే అనిపించి పెట్టేశాను.

ఆదివారం డ్యూటీలో టీ వేళకి షాహీన్ నా ఎదురుగా కూర్చుంది. గదిలో మేమిద్దరమే. “ఏమైందక్కా, మొకం గట్లున్నది?” అంది. నేను ఫోనులోని ఫోటో చూపించి, ఇది మా మందిరం, మేం యూదులం అన్నాను. ఇన్నేళ్ళ మాట రెండు ముక్కల్లో అయిపోయింది.

ఆమె ఫోటోని పెద్దది చేసి చూసింది. అక్షరాలు కూడబలుక్కుంది. “గిట్ల రాసిన్రా మీ గోడ మీద? మీరేం చేసిన్రు?”

“మిరపకాయలు కోశాం” అన్నాను.

ఆమె నవ్వలేదు. టీ మీద మీగడ కట్టింది. “నాకు కోపమొస్తున్నదక్కా. మీరు యూదులైనందుకు కాదు. పన్నెండేండ్ల సంది చర్చి చర్చి అని నాతోని చెప్పినవు. నేను మా అమ్మకు గూడ గదే చెప్పిన” అంది. నేను తల దించుకున్నాను. బయట టోకెన్లు పిలుస్తున్నారు. ఆమె లేచి, కప్పు కడిగి బోర్లించి, తలుపు దగ్గర ఆగింది. “శనివారం నేనే చేస్త. ఎప్పటి లెక్కనే. ఇంకెవ్వరికి చెప్పకు. యల్లా, నేను పోత, పేషెంట్లున్నరు” అని వెళ్ళిపోయింది.

చెప్పిన గడువు దాటకముందే యాకోబుకి ఫోన్ చేశాను. ముందు కుంచె కథంతా చెప్పాను. కోటయ్యగారి పేరు కూడా చెప్పాను. ఆయనా లేడు, నాన్నా లేడు, కొట్టుకునేవాళ్ళెవరూ మిగల్లేదు. అంతా విన్నాక వాడు, “మరి నువ్వు అక్కడ చెప్పావా?” అన్నాడు.

“చెప్పాను. ఒక్కరికి.”

“ఏమందామె?”

“శనివారం డ్యూటీ తనే చేస్తానంది.”

వాడు, “సరే అక్కా. ఉంచుతాం. రెండూ ఉంచుతాం. కుంచె సంగతి పిల్లలకి నేను చెబుతా” అన్నాడు. గొంతు కొంచెం తేలికపడింది. నేను ఫోను పెట్టేశాను. ఇంకెవరికీ చెప్పకు అని ఆమె అన్న మాట మాత్రం వాడికి చెప్పలేదు.